పాత .315 అమ్మి 30-06 తీసుకోవాలా? ముందు బోల్టు తీసి బ్యారెల్‌లోకి చూడండి

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు తాతల నాటి లైసెన్సు రైఫిల్ ఇంట్లో ఉందంటే అది సాధారణంగా ఇషాపూర్ ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన .315 బోరు రైఫిల్ అయి ఉంటుంది. కట్టె నల్లబడి ఉంటుంది, బోల్టు (తూటాను లోపలికి తోసి వెనక మూసే, పిడి ఉన్న ఇనుప కడ్డీ) మాత్రం ఇప్పటికీ నూనె వేసినట్టు జారుతుంది. దాన్ని ఇచ్చేసి అదే ఫ్యాక్టరీ 30-06 తీసుకుందామా అన్న ప్రశ్న చాలామందిని తొలుస్తుంటుంది. ముందే చెప్పేస్తున్నాను: బ్యారెల్ బాగుండి, బోల్టు తాళం గట్టిగా పడుతుంటే .315ను అమ్మకండి. మన పొలాల్లో ఆ రైఫిల్ చేయలేని పని 30-06 చేసేది చాలా తక్కువ. బ్యారెల్ పోతే మాత్రం ఎంత జ్ఞాపకం ఉన్నా ఉంచుకోవద్దు.

.315 అనే కొలత ఎక్కడిదంటే, బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే .303 తూటాలు జనం చేతికి పోకూడదని ఆ బోరును పౌరులకు నిషేధించారు. దాని బదులు ఆస్ట్రియా మాన్‌లిషర్ 8×50ఆర్ తూటాను .303 రైఫిల్‌దే అయిన లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షన్‌లోకి, అంటే బోల్టు, ట్రిగ్గర్ ఉండే యంత్రాంగంలోకి, తెచ్చారు. అందుకే పాత పోలీసు .303 పట్టిన చేతికి .315 కొత్తగా అనిపించదు. బోల్టు పిడి కొద్దిగా లేపితే చాలు తెరుచుకుంటుంది. స్ప్రింగు బిగుసుకునేది బోల్టు ముందుకు తోసేటప్పుడు. తూటాలు నింపే పెట్టె, అంటే మ్యాగజైన్‌లో, 5 తూటాలు. మంచె మీద కూర్చుని భుజం నుంచి దించకుండా రెండో తూటా ఎక్కించడంలో ఈ యాక్షన్‌ను మించింది బోల్టు రైఫిళ్లలో నాకు తెలిసి లేదు.

దీనికి ఉన్న ఒక దురలవాటు తూటా అంచుది. .315 తూటా అడుగున అంచు బయటికి పొడుచుకొని ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడాలి. వెనక పడిందంటే బోల్టు తోసినప్పుడు రెండూ ఒకదానికొకటి కొక్కెం వేసుకొని బిగుసుకుంటాయి. చీకట్లో, చేను గట్టున, దాన్ని విడిపించడం కష్టం. రైఫిల్ పాడైందని అమ్మకానికి పెట్టేవాళ్లలో కొందరి సమస్య ఇంతే. నింపే పద్ధతి సరిచేసుకుంటే పోతుంది.

అసలు పరీక్ష ఇలా చేయాలి. మ్యాగజైన్ తీసి, చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితోనూ తడిమి, అప్పుడు బోల్టు బయటికి తీయండి. బోల్టు పిడి మీది నంబరు, రిసీవర్ (బోల్టు జారే ఇనుప చట్రం) మీది నంబరు, బ్యారెల్ మీది నంబరు, లైసెన్సులో రాసిన నంబరు నాలుగూ ఒకటే కావాలి. బోల్టు నంబరు వేరే అయితే ఎప్పుడో ఎవరో మార్చారన్నమాట. లీ యాక్షన్‌లో తూటాకూ బోల్టుకూ మధ్య ఉండాల్సిన ఎడాన్ని నిలబెట్టేది బోల్టు కొసకు మరతో బిగించే తల. వేరే రైఫిల్ బోల్టు పెడితే ఆ ఎడం పెరిగిపోవచ్చు. బోల్టు తలను చేత్తో తిప్పి చూడండి. ఆగాల్సిన చోట గట్టిగా ఆగాలి. ఆ చోటు దాటి బాగా పక్కకు తిరిగిపోతుంటే అరిగిందని అర్థం.

దీనికంటే నమ్మకమైన సాక్షి పేల్చిన ఖాళీ తూటా. దాన్ని వెలుతురులో తిప్పుతూ చూడండి. అంచు నుంచి పైకి సుమారు ఒక సెంటీమీటరు దగ్గర ఇత్తడి చుట్టూ మెరిసే గీత కనిపిస్తే జాగ్రత్త. సన్నని తీగ కొసను కొంచెం వంచి తూటా లోపలికి పోనిచ్చి, గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. ఆ గీత దగ్గర కొస చిన్న గాడిలో పడినట్టు తగిలిందంటే ఇత్తడి లోపల సాగి పలచబడింది. ఇంకో తూటాకు రెండు ముక్కలై, పై ముక్క చాంబర్‌లోనే ఉండిపోవచ్చు. వాయువు వెనక్కి, ముఖం వైపు రావచ్చు. ప్రైమర్ (తూటా అడుగు మధ్యలో పిన్ను తగిలితే మండే బిళ్ల) ఆ అడుగు కంటే పైకి లేచి ఉన్నా ఇదే అనుమానం. ఇలాంటి రైఫిల్‌ను మళ్లీ పేల్చకుండా లైసెన్సున్న రిపేరుదారు చేత, ఆ ఎడాన్ని కొలిచే గేజీతో కొలిపించాలి. .303 గేజీ దీనికి పనికిరాదు. రెండు తూటాల అంచులూ వేరు, కేసు పొడవులూ వేరు. అదే కారణంగా .303 తూటాను .315లో గానీ, .315ను .303లో గానీ ఎప్పుడూ పెట్టవద్దు.

తర్వాత బ్యారెల్. మూతి వైపు తెల్ల కాగితం పెట్టి, వెనక నుంచి చూడండి. గొట్టం లోపల మెలికగా చెక్కిన చాళ్ల అంచులు పదునుగా, చివరిదాకా ఒకే మెరుపుతో కనిపించాలి. చాంబర్ దాటిన మొదటి రెండు మూడు అంగుళాల్లో చాళ్లు కరిగిపోయినట్టు నున్నగా ఉంటే అది కాల్పుల అరుగుదల, దీన్నే గొంతు అరుగుదల అంటారు. మూతి దగ్గర ఒక వైపే అరిగితే అది ఇనుప కడ్డీతో ముందు నుంచి శుభ్రం చేసినవాళ్ల పాపం. మూతి అరుగుదలను పనివాడు కొద్దిగా కోసి సరిచేయగలడు. గొంతు అరుగుదలకు కొత్త బ్యారెల్ తప్ప మందు లేదు. పాత తూటాల ప్రైమర్లు కొన్ని ఉప్పు లాంటి అవశేషం వదిలేవి. వాటిని వాడి వేడినీళ్లతో కడగని బ్యారెల్‌లో నల్లని గుంటలు పడతాయి. చిన్న గుంటలున్నా గురి తప్పకపోవచ్చు, గుంటలు చాళ్లను కోసేస్తే మాత్రం అమ్మేయడమే మేలు.

మన వైపు వానాకాలం తేమకు ఇంకో దెబ్బ కట్టెకు తగులుతుంది. బ్యారెల్ కింద ఉండే ముందు కట్టె ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్కకు నెడితే జూన్‌లో ఒకచోట, మార్చిలో ఒకచోట గుండు పడుతుంది. దీన్ని బ్యారెల్ లోపం అనుకోవద్దు. కట్టె విప్పి లోపలి వైపు తుప్పు, నల్ల మచ్చలు చూడండి. భుజానికి ఆనించే వెనక కట్టె, అంటే బట్టు, కదులుతుంటే దాని లోపలున్న పొడుగు మర బోల్టు బిగించాలని చూస్తారు. ముందు కట్టె తీయకుండా ఆ బోల్టు తిప్పితే దాని చదరపు కొస ముందు కట్టెను లోపలి నుంచి చీలుస్తుంది. పాత రైఫిళ్లలో ట్రిగ్గర్ వెనక కనిపించే పొడవాటి పగుళ్లు కొన్ని ఇలా వచ్చినవే.

ఎన్నికలప్పుడు ఆయుధం స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. వారాలు, ఒక్కోసారి నెలలు. డిపాజిట్‌కు ముందు బ్యారెల్‌ను ఆరబెట్టి, లోపల పలుచగా గ్రీజు పట్టించి, గుడ్డ సంచిలో కాకుండా గట్టి కేసులో పెట్టి ఇవ్వండి. తోలు కేసు తేమ పట్టి ఇనుమును తింటుంది. తిరిగి తెచ్చుకున్న రోజే గ్రీజు పూర్తిగా తుడవాలి. గ్రీజు ఉన్న బ్యారెల్‌లో తూటా పేల్చడం ప్రమాదం.

ఇక పోటీదారు సంగతి. 30-06 అమెరికన్ సైన్యం 1906లో తెచ్చిన తూటా. అంచు పొడుచుకురాదు కాబట్టి కొక్కెం బాధ లేదు. .315 గుండు 244 గ్రెయిన్ల బరువుతో సెకనుకు రెండు వేల అడుగుల పైచిలుకు వేగంతో పోతే, 30-06 గుండు 180 గ్రెయిన్లతో సుమారు 2700 అడుగుల వేగంతో పోతుంది. 100 మీటర్లకు గురి కట్టిన రైఫిల్‌తో 200 మీటర్ల దగ్గర చూస్తే .315 గుండు జానెడు పైనే కిందికి దిగుతుంది, 30-06 బెత్తెడు పైచిలుకు దిగుతుంది. స్కోపు బిగించుకునే వీలు కూడా కావాలనుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. పాత .315 రిసీవర్ మీద స్కోపు కోసం రంధ్రాలు ఉండవు. ఇంట్లో డ్రిల్లు పెట్టడం తప్పు, ప్రమాదం.

కానీ మక్కచేనులోకో పల్లిచేనులోకో వచ్చే అడవి పంది టార్చి వెలుగులో కనిపించేది ఎంత దూరంలో? ముప్పై, నలభై, ఎక్కువంటే అరవై మీటర్లు. అక్కడ బరువైన, నెమ్మదైన .315 గుండే సరిపోతుంది. 30-06 గుండు పంది దాటి వెళ్లాక కూడా చాలా దూరం పోగలదు. చుట్టూ చదునైన పత్తిచేలు, దూరంగా మోటారు దగ్గర పడుకున్న రైతులు ఉన్నప్పుడు ఆ బలం బరువే. ఏ రైఫిల్ అయినా మంచె మీద నుంచి కిందికి, వెనక మట్టి ఉన్న దిక్కుకే కాల్చాలి. ముప్పై మీటర్ల లోపు పనికైతే ఎల్‌జీ (పెద్ద గుళ్ల) తూటాతో 12 బోరు తుపాకీ రెండింటికంటే నయం.

పంది మీద కాల్చడానికి లైసెన్సు ఒక్కటి చాలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 11 కింద అధికారం ఉన్నవారు రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశం ఉండాలి. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకోవడం నేరం. ఆ అనుమతి ఎప్పుడూ తీసుకోని మనిషి కేవలం పందుల కోసం అని రైఫిల్ మార్చడం డబ్బు దండగ.

డబ్బు లెక్క కంటే కాగితం లెక్క ముఖ్యం. లైసెన్సులో రైఫిల్ అనే ఆ పద్దు దొరకడం ఈ రోజుల్లో తుపాకీ దొరకడం కంటే కష్టం. ఆయుధ చట్టంలో 12 బోరు లాంటి నున్నని గొట్టం తుపాకీకీ, పంట కాపలా బర్మారుకూ (మూతి నుంచి మందు కూరే తుపాకీ) ఉన్న వెసులుబాటు రైఫిల్‌కు లేదు. దానికి తగిన కారణం చూపాలి. అందుకే ముందు అమ్మి, తర్వాత కొత్తదానికి దరఖాస్తు పెట్టే వరస పెట్టుకోకండి. ఉన్నదాన్ని అమ్మి వేరే బోరు కొనడానికి అనుమతి కావాలని ఒకే దరఖాస్తులో అడగండి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కు, ములుగు, భూపాలపల్లి లాంటి జిల్లాల్లో కలెక్టర్‌కు. కొత్త ఆయుధం పేరు లైసెన్సులో ఎక్కే దారి ఖాయమయ్యాకే పాతది చేయి దాటనివ్వండి.

ఇంకో మాట చాలామంది మరిచిపోతారు. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ మనిషికి ఆయుధాల పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించింది. అంటే ఒక్కటే ఉన్నవాడు రెండోది అడగడానికి చట్టం అడ్డం కాదు. 30-06 నిజంగా కావాలంటే .315 ఉంచుకునే రెండో పద్దుకు అడిగి చూడండి. రెండు ఉన్నవాళ్లకే అమ్మడం తప్పనిసరి.

పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్లవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందుగా కావాలి. ఖానాపురం, తాడ్వాయి వైపు చేతిలో ఉన్న లైసెన్సు రద్దయితే మళ్లీ తెచ్చుకోవడం ఎంత పొడుగు పనో ఊహించుకోవచ్చు. అక్కడ నా సలహా ఒక్కటే: అమ్మకండి, బాగు చేయించుకోండి. 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు దగ్గర ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, వారసుడి పేరున మార్చమని అడిగే వీలు ఆయుధ నిబంధనలు 2016లో ఉంది. కొడుకుకు ఆసక్తి ఉంటే ఆ దారి చూడండి.

అమ్మాలనే నిర్ణయం అయితే ధర మీద ఆశ తగ్గించుకోండి. కొనేవాడి లైసెన్సులో కూడా .315 పద్దు ఉండాలి కాబట్టి కొనగలిగేవాళ్లే కొద్దిమంది. డీలర్ దగ్గరికి వెళ్తే నంబర్లు కలిసిన బోల్టు, శుభ్రమైన బ్యారెల్, చీలని కట్టె ఈ మూడింటికీ విలువ కడతాడు. మెరుగు పెట్టించిన కట్టెకు కాదు. మరో లైసెన్సుదారుకు నేరుగా అమ్మితే అమ్మే ఉద్దేశాన్ని, కొనేవాడి పేరు, చిరునామాతో సహా రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఆ గడువు ముగియకముందే చేతులు మార్చడం ఆయుధ చట్టం ప్రకారం తప్పు.

కొత్త 30-06 తీసుకునేటప్పుడు షాపులోనే ఇవి చూడండి: గురి చూసే ముందు కొన నిటారుగా ఉందా, పక్కకు వాలిందా; సేఫ్టీ వేశాక ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, సేఫ్టీ తీస్తే తూటాను పేల్చే పిన్ను దానంతట అది పడుతుందా; డమ్మీ తూటాలు ఐదు నిండుగా ఎక్కించి నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి బోల్టు తిప్పితే ఎక్కడైనా అడ్డుపడుతుందా; కట్టెకూ బ్యారెల్‌కూ మధ్య ఒకవైపే రాపిడి ఉందా; పరీక్షించినట్టు వేసే ప్రూఫ్ ముద్రలూ నంబరూ రసీదుతో కలుస్తున్నాయా. సేఫ్టీ తీయగానే పిన్ను పడే రైఫిల్‌ను ఎంత తగ్గించి ఇచ్చినా ఇంటికి తేకండి.

అప్పగించే రోజున మిగిలిన .315 తూటాలను కూడా లెక్కపెట్టి రైఫిల్‌తో పాటే ఇచ్చేయండి. ఆయుధం పోయాక తూటాలు ఇంట్లో ఉంటే అది వేరే కేసు. పెట్టె అడుగున, పాత బెల్టు జేబులో, దేవుడి గది అటక మీద ఒకటి రెండు మిగిలిపోతుంటాయి. వెతికి తీసి, లైసెన్సులో పాత నంబరు కొట్టేసిన సంతకం, ముద్ర చూసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.