చెన్నై ఎండలో ఓవర్‌క్లాకింగా, ఉన్నది ఉన్నట్టా?

మా తమ్ముడు వేళచ్చేరిలో ఏసీ లేని అద్దె గదిలో ఉంటాడు. గేమ్‌లో ఫ్రేమ్‌లు పెరగాలని ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తానంటాడు, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడిపిస్తాడట. ప్రాసెసర్‌ని చల్లబరిచే పెద్ద కూలర్‌కి పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి దాచుకోరా అంటాను నేను.

ఓవర్‌క్లాకింగ్‌కి ముందు చిప్ ఒప్పుకోవాలి. ఇంటెల్‌లో సాధారణంగా పేరు చివర 'కె' ఉన్న మోడల్, దానికి జెడ్ సిరీస్ మదర్‌బోర్డు కావాలి. ఏఎండీ వాళ్ల రైజెన్‌ ప్రాసెసర్లలో చాలావాటికి బీ సిరీస్ బోర్డు చాలు. అసలు చిక్కు వేడితోనే. వేగం పెంచాలంటే మామూలుగా వోల్టేజీ కూడా పెంచాలి. 1.2 వోల్టుల నుంచి 1.3కి వెళ్తే, వేగం అంతే ఉన్నా, విద్యుత్ వాడకం దాదాపు 17 శాతం పెరుగుతుంది. ఫ్యాన్ కూలర్ ఎంత ఖరీదైనదైనా చిప్‌ని గదిలోని గాలి కంటే చల్లబరచలేదు. మే నెలలో మన గదులు ఎలా ఉంటాయో తెలిసిందే కదా! పైగా కొత్త చిప్‌లు వాటంతట అవే టర్బోలో వేగం పెంచుకుంటాయి, మనకి మిగిలేది కొంచెమే. వారంటీ టెన్షన్ వేరే.

ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే ఈ తలనొప్పులు లేవు. కానీ అన్ని గేమ్‌లకీ ఒకే జవాబు ఉండదు. రిజల్యూషన్ తగ్గించి చూడమన్నాను. ఫ్రేమ్‌లు బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డే; ప్రాసెసర్‌ని ఎంత పరిగెత్తించినా లాభం ఉండదు. పెరగకపోతే ప్రాసెసర్‌ని అనుమానించాలి. అప్పుడైనా ముందు బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగ్‌లు ఉండే చోట) ర్యామ్‌కి దాని పూర్తి వేగం ఇచ్చే ఎక్స్ఎంపీ ఆన్ చేసి చూడాలి, చాలామంది అదే మర్చిపోతారు. అది కూడా చేశాక సరిపోకపోతే ఆదివారం ఇద్దరం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి కూలర్ ధరలు కనుక్కుంటాం.