నీళ్ల పరీక్ష సీసా (హెచ్‌టూఎస్ వయల్): ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మాది హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు పక్కనే. ఇంట్లో బోరు నీళ్లు. "ఫిల్టర్ ఉందిగా, ఎందుకంత టెన్షన్?" అంటారు మావారు. నాకు కళ్లారా చూస్తేగానీ మనసొప్పదు. అందుకే నీళ్లలో మురుగు బ్యాక్టీరియా ఉందేమో చూపే ఈ సీసాలు ఆన్‌లైన్లో తెప్పించాను. 1982లో మన దేశంలోనే పుట్టిన పరీక్ష ఇది, ఊళ్లలో మంచినీళ్లు పరీక్షించే కిట్లలోనూ ఇదే ఉంటుంది.

వాడడం తేలికే. సీసా లోపలికి వేలు తగలకుండా గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట పెట్టాలి. నేను ఫ్రిజ్ వెనక పెట్టాను. మర్నాటి సాయంత్రానికి బోరు నీళ్లు అడుగు నుంచి నలుపెక్కి, తెల్లారేసరికి కాటుకలా అయిపోయాయి. ఫిల్టర్ నీళ్ల రంగు మారలేదు. మావారు కిక్కురుమనలేదు!

మురుగులో ఉండే బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) అనే గంధకపు వాయువు వల్లే ఈ నలుపు. కాబట్టి నల్లబడిందంటే మురుగు కలిసిందని అనుమానించాలి. బోరు నీళ్లకు ముందునుంచే గంధకం వాసన ఉంటే మాత్రం మురుగు లేకపోయినా నల్లబడొచ్చు. అలాంటప్పుడు ల్యాబ్‌కి పంపాల్సిందే.

అసలు మా భయం వేరు. స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఫ్యాక్టరీల వ్యర్థాల ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ తేలిందని 2007లో ప్రకటించారు. అంటే పదహారు లీటర్లలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్రంత మందు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థం అది. అలాంటి నీళ్లు వాగుల్లో కలిస్తే, మందుకు తట్టుకున్న బ్యాక్టీరియాయే బతికి పెరుగుతుంది, ఆ గుణాన్ని పక్క బ్యాక్టీరియాకీ అంటిస్తుంది. మా అత్తయ్యకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కల్చర్ రిపోర్టులో (ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) వరసగా 'ఆర్' అక్షరాలే. 'ఆర్' అంటే రెసిస్టెంట్, ఆ బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదని. నీళ్ల వల్లేనని అనను, ఎవరు చెప్పగలరు?

నీళ్లలోని బ్యాక్టీరియా మందుకు లొంగుతుందో లేదో ఈ సీసా చెప్పదు. దానికి ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి, యాంటిబయాటిక్ బిళ్లలు పెట్టి చూడాలి. అయితే మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా మరుగుతున్న నీళ్లలో చస్తుంది. కాబట్టి సీసా నల్లబడితే, ఏ రకమైనా సరే, కాచి తాగడమే. మందుల రసాయనాలు మాత్రం కాచినా పోవు, ఈ సీసాకూ దొరకవు.

విసుగొచ్చింది కంపెనీ వాళ్ల కాగితంతోనే. చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాలు, తెలుగు ముక్క లేదు. వాడిన సీసాలో బ్లీచింగ్ వేసి కాసేపు ఉంచాకే పారబోయాలని ఎక్కడా రాయలేదు. నాలుగు స్టార్లు. వానలు మొదలవగానే మళ్లీ తెప్పిస్తాను.