నా ఎలక్ట్రిక్ ట్రైసైకిల్: కాళ్లు మొరాయించిన రోజు కోసం కొన్నది

మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లోని నరాలను దెబ్బతీసే జబ్బు) ఉన్న నాలాంటివాళ్ల కాళ్లు రోజంతా ఒకేలా ఉండవు. పొద్దున మెట్లెక్కిన కాళ్లే సాయంత్రానికి గది దాటడానికి మొరాయిస్తాయి. ఒళ్లు కాస్త వేడెక్కితే చాలు, చూపు మసకబారుతుంది, అడుగు బరువెక్కుతుంది. చల్లబడ్డాక మళ్లీ సర్దుకుంటుంది. ఈ సంగతి 1890లోనే ఉతాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గమనించి రాశాడు. అందుకే ట్రైసైకిల్ ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: ఓపిక పూర్తిగా అయిపోయిన సాయంత్రం కూడా ఇది నన్ను ఇంటికి చేర్చాలి. షాపులోకి కూడా కావాలనే అలసిపోయిన వేళ వెళ్లాను.

అక్కడ తెలిసిన మొదటి విషయం ఎత్తు గురించి. మామూలు సైకిల్‌లా ఎత్తుగా కూర్చునే రకం చూడటానికి అలవాటైనదే. కానీ మూడు చక్రాల బండి మలుపులో రెండు చక్రాల సైకిల్‌లా లోపలికి ఒరగదు. ఎత్తులో కూర్చుని కాస్త వేగంగా తిప్పితే లోపలి చక్రం నేల విడుస్తుంది. రోడ్డు ఒక పక్కకు వాలుగా ఉన్నా నడుము ఆ పక్కకే లాగేస్తుంది, బ్యాలెన్స్ సరిగా లేని నాలాంటివాళ్లకు అది నిజంగా టెన్షన్. రెండో రకంలో ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, దాదాపు నేలను తాకుతున్నట్టు పడుకుని తొక్కాలి. మలుపుల్లో దాన్ని మించింది లేదు. అయితే అంత కింది నుంచి లేవడానికి తొడల్లో బలం కావాలి. లేనిదే అది కదా!

చివరికి తీసుకున్నది మధ్యరకం. ముందు ఒక చక్రం, వెనక రెండు, కుర్చీ ఎత్తులో వీపు ఆనించే సీటు, పెడళ్లు కాస్త ముందుకు. వాన్ రామ్ కంపెనీ ఈజీ రైడర్ చూసినవాళ్లకు ఈ తీరు తెలుస్తుంది. నాది వేరే కంపెనీది. కాలు ఎత్తి దాటించే పని లేకుండా పక్కనుంచి కూర్చుని లోపలికి తిరగొచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే మిగతా లోపాలు భరించొచ్చు.

ఇక మోటార్. అందరూ వాట్లు అడుగుతారు గానీ మా విషయంలో అంతకంటే ముఖ్యం, మోటార్ ఎప్పుడు, ఎంత సాయం చేయాలో చెప్పే సెన్సర్. టార్క్ సెన్సర్ మనం పెడల్‌ని ఎంత బలంగా నొక్కుతున్నామో కొలిచి, దానికి తగ్గట్టు శక్తినిస్తుంది. బండి నడక మెత్తగా, సహజంగా ఉంటుంది కాబట్టి అదే మేలని చాలామంది చెబుతారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు మేలే. నీరసించిన కాలికి మాత్రం లెక్క తిరగబడుతుంది: కాలి బలం తగ్గినకొద్దీ మోటార్ సాయం కూడా తగ్గుతుంది. సాయం ఎప్పుడు కావాలో అప్పుడే అది చేతులెత్తేస్తుంది. కొన్ని కొత్త మోటార్లలో ఆ సున్నితత్వాన్ని పెంచుకునే వీలుంది, ఉంటే తప్పక పెంచి నడిపి చూడండి. కేడెన్స్ సెన్సర్‌కు పెడల్ తిరిగితే చాలు, బలంతో పనిలేదు. నా బండిలో ఉన్నది ఇదే. దీనికీ ఒక చిక్కుంది. పెడల్ కొంత తిరిగాక గానీ మోటార్ అందుకోదు, అందుకున్నప్పుడు ఒక్క కుదుపు. ఇరుకు మలుపులో ఆ కుదుపు ప్రమాదం. బ్రేక్ నొక్కగానే మోటార్ ఆగిపోయే ఏర్పాటు లేకుండా ఈ రకం కొనకండి. బొటనవేలితో నొక్కే థ్రాటిల్ (తొక్కకుండానే మోటార్‌ని నడిపే మీట) కూడా ఉంటే కదలడం మొదలుపెట్టేటప్పుడు కాళ్లకు ప్రాణం లేచొస్తుంది. యూరప్ నిబంధనల్లో తొక్కకుండా గంటకు 6 కి.మీ. వరకే మోటార్‌తో పోవచ్చు, అది దాటితే సైకిల్ కింద లెక్కించరు. మీరున్నచోట రూలేమిటో ముందే కనుక్కోండి.

మోటార్ ఏ చక్రానికి ఉందో కూడా చూడాలి. ముందు చక్రంలో ఉంటే బరువంతా వెనకుండటం వల్ల తడి ఎత్తు మీద అది జారుతూ తిరుగుతుంది. వెనక ఒక చక్రానికే శక్తి అందితే బండి ఒక పక్కకు లాగుతుంది. నా బండిలో డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంది, దానివల్ల రెండు వెనక చక్రాలకూ శక్తి అందుతుంది.

పాదాల సంగతి అమ్మేవాళ్లు ఒక్కరూ ఎత్తలేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. పెడళ్లు ముందున్న బండిలో పాదం జారి నేలకు తగిలితే, బండి ముందుకే పోతుంది కాబట్టి కాలు సీటు కిందికి ఈడ్చుకుపోతుంది. పాదం వేలాడేవాళ్లకు, కాలు ఉన్నట్టుండి బిగుసుకునేవాళ్లకు మడమ కూర్చునే పెడల్, పట్టీ తప్పనిసరి. ఆగినప్పుడు కాలు నేల మీద పెట్టక్కర్లేదు కాబట్టి పట్టీ వేసుకున్నా భయం లేదు. పెడల్ కడ్డీలు పొట్టివి వేయించుకుంటే మోకాలు అంతగా వంగక్కర్లేదు.

పార్కింగ్ బ్రేక్ గురించి ఒక్క మాట: ఆపి ఉంచిన మూడు చక్రాల బండి పడిపోదు గానీ దానంతటదే దొర్లిపోతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది బిగించి ఉండాలి, అదీ బలం లేని చేత్తో బిగించగలగాలి. చేతి పట్టు తక్కువైతే హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులే తీసుకోండి, వేలితో నొక్కినా పనిచేస్తాయి.

నా బ్యాటరీ 36 వోల్టులు, 14 యాంపియర్ అవర్లు, అంటే దాదాపు 504 వాట్ అవర్లు. కంపెనీ చెప్పే దూరం తక్కువ సాయంతో, చదును రోడ్డు మీద వచ్చేది. మేం పూర్తి సాయంతో నడుపుతాం కాబట్టి అందులో సగమే నమ్ముకుని బయల్దేరుతాను. ఛార్జి అయిపోతే ఇంత బరువైన బండిని తొక్కడం మాలాంటివాళ్ల వల్ల కాదు.

నచ్చనివీ ఉన్నాయి. పొడవు ఎక్కువ, వెనక్కి తిప్పడం కష్టం, రివర్స్ ఉన్నది దొరికితే అదే కొనేదాన్ని. స్క్రీన్ మీద అంకెలు చిన్నవి, చూపు మసకబారినప్పుడు కనబడవు. వెనక భాగం వెడల్పుకు తలుపులు, దారి ముందే టేపుతో కొలుచుకోవాలి.

అయినా నాకు ఈ బండి అంటే ప్రాణం. దారి మధ్యలో కాళ్లు ఆగిపోతే, పక్కకు తీసి, బ్రేక్ బిగించి, అదే సీట్లో కూర్చుని చల్లబడేదాకా ఉంటాను. నిలబడాల్సిన పనిలేదు, ఎవరినీ పట్టుకోవాల్సిన పనిలేదు. ఇన్నేళ్ల తర్వాత ఒంటరిగా బయటికి వెళ్తున్నాను.

కొనేముందు రిపేరు ఎవరు చేస్తారో అడగండి. దీన్ని మోసుకుని షాపుకు వెళ్లలేం, ఇంటికొచ్చి చేసేవాళ్లే కావాలి. నాకు అమ్మినవాళ్లు కొనేరోజు వస్తామన్నారు, బ్రేక్ సర్దడానికి పిలిస్తే బండి తెమ్మన్నారు. ఇంటికొచ్చి చేస్తామన్న మాట బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.