డేటా డొమైన్: ఏళ్ల తరబడి వాడిన ఒక బ్యాకప్ ఉద్యోగి మాట

బ్యాకప్‌లలో పదేపదే వచ్చే ఒకే డేటాను ఒక్కసారే దాచే డీడూప్ (డీడూప్లికేషన్) నిల్వ పెట్టెలు కొనేటప్పుడు అందరి కళ్లూ ఒక్క అంకె మీదే ఉంటాయి. ఇరవై రెట్లు తగ్గుతుందా, ముప్ఫై రెట్లా, యాభై రెట్లా? అమ్మేవాళ్లు అదే చెబుతారు, కొనుగోలు విభాగం అదే అడుగుతుంది, టెండరు పట్టికలోనూ అదే మొదటి వరుసలో కూర్చుంటుంది. హైదరాబాద్‌లోని మా డేటా సెంటర్‌లో డేటా డొమైన్ పెట్టెలను ఏళ్ల తరబడి చూసుకుంటున్న నాకు ఆ అంకె మీద గౌరవం పోలేదు గానీ, అందులో పెట్టె వాటా ఎంతో, డేటా పంపేవాళ్ల వాటా ఎంతో బాగా అర్థమైంది. ఒకే మోడలు, ఒకే వెర్షను, పక్కపక్క ర్యాకులు. ఒకదాని నిష్పత్తి చూస్తే ముచ్చటేస్తుంది. రెండోదాన్ని చూస్తే మామూలు డిస్కులు కొన్నా సరిపోయేదేమో అనిపిస్తుంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే.

ముందు పేరు సంగతి. 2019లో డెల్ దీనికి పవర్‌ప్రొటెక్ట్ డీడీ అని పేరు పెట్టింది. పాతవాళ్లం ఎవరమూ ఆ పేరు వాడం. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కై లీ మరికొందరితో కలిసి 2001లో పెట్టిన కంపెనీ ఇది. 2009లో నిల్వ పరికరాల కంపెనీ ఈఎంసీ, అదే రంగంలోని నెట్‌యాప్‌తో పోటీపడి మరీ దీన్ని సుమారు 210 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2016లో ఈఎంసీ మొత్తం డెల్ చేతికి వచ్చింది. ఈ చరిత్రంతటిలో నా రోజువారీ పనికి ఉపయోగపడింది 2008లో వాళ్ల ఇంజినీర్లు ప్రచురించిన పరిశోధన పత్రం. పెట్టెను కాన్ఫిగర్ చేసే ముందు మాన్యువల్ కంటే అది చదవడం మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే పెట్టె లోపలి కిటుకంతా అందులోనే ఉంది. వచ్చే డేటాను సగటున 8 కిలోబైట్ల చొప్పున, కంటెంటును బట్టి హెచ్చుతగ్గులుండే ముక్కలుగా కోస్తుంది. ప్రతి ముక్కకూ ఒక వేలిముద్ర తీస్తుంది. అదే వేలిముద్ర ముందే ఉంటే ముక్కను మళ్లీ రాయదు. వినడానికి తేలికే. కానీ కోట్లాది వేలిముద్రల సూచిక మెమరీలో పట్టదు. ప్రతి ముక్కకూ డిస్కులో వెతకాలంటే బ్యాకప్ తెల్లవారినా పూర్తికాదు. దానికి వాళ్లు వేసిన ఉపాయం ఇది: ఒక బ్యాకప్ ప్రవాహంలో పక్కపక్కన వచ్చిన ముక్కలను డిస్కు మీద కూడా పక్కపక్కనే పెడతారు. ఒక ముక్క పాతదని తేలితే దాని ఇరుగుపొరుగు ముక్కల వేలిముద్రలన్నీ ఒకేసారి మెమరీలోకి తెచ్చుకుంటారు. నిన్న ఏ వరసలో వచ్చాయో ఇవాళా దాదాపు అదే వరసలో వస్తాయి కదా. కొత్త ముక్క అయితే, అసలు వెతకనక్కర్లేదని తేల్చే చిన్న బిట్‌ పటం ఒకటి మెమరీలోనే ఉంటుంది. ఈ రెంటితో 99 శాతం డిస్కు వెతుకులాటలు తప్పాయని ఆ పత్రం చెబుతుంది.

అంటే ఈ పెట్టెకు వరస ప్రాణం. వరస చెడగొట్టే ఏ సెట్టింగైనా దీనికి శత్రువే. ఇది ఒక్కటి తెలిస్తే, మార్గదర్శకాల్లో జాబితాలా కనిపించే సూచనలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. టేపు కాలంలో అనేక ప్రవాహాలను కలిపి ఒకే టేపు మీద రాసే మల్టిప్లెక్సింగ్ మంచి అలవాటు, డ్రైవు ఆగకుండా తిరిగేది. ఇక్కడ అదే అలవాటు ఫైళ్లను రోజుకో రకంగా కలగాపులగం చేస్తుంది. ఒరాకిల్ డేటాబేస్ బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్‌లో ఒక బ్యాకప్ సెట్‌కు ఒక ఫైలే ఉండేలా ఫైల్స్‌పర్‌సెట్ విలువను 1గా పెట్టమనడం అందుకే. నిన్నటి సెట్‌లో ఏ ఫైళ్లు ఏ క్రమంలో కలిశాయో ఇవాళా అలాగే కలుస్తాయన్న హామీ లేదు.

కంప్రెషన్‌తో పోరు ఇంకా పెద్దది. మా డేటాబేస్ బృందం చాలాకాలం పాటు కంప్రెస్ చేసిన బ్యాకప్‌లనే పంపేది. వాళ్ల వాదనలో తప్పు పట్టడానికి లేదు: నెట్‌వర్కు మీద భారం తగ్గుతుంది, ఫైలు చిన్నగా కనిపిస్తుంది. కానీ ఫైలులో ఒక మూల చిన్న మార్పు జరిగితే కంప్రెస్ అయిన రూపంలో దాని తర్వాతి బైట్లన్నీ మారిపోతాయి. పెట్టెకు ప్రతిరోజూ అంతా కొత్త డేటాగానే కనబడుతుంది. రెండు టెరాబైట్ల ఫైలు అయిదు వందల గిగాబైట్లుగా వచ్చి, ఆ అయిదు వందలూ రోజూ అక్కడే పేరుకుంటాయి. చివరికి వాళ్లను ఒప్పించింది డీడీ బూస్ట్ అనే సాఫ్ట్‌వేర్. అది ఉంటే వేలిముద్రలు తీసే పని సర్వరు దగ్గరే జరుగుతుంది, పెట్టె దగ్గర లేని ముక్కలు మాత్రమే వైరు మీద ప్రయాణిస్తాయి. నెట్‌వర్కు భయం తీరింది కాబట్టి కంప్రెషన్ ఆపడానికి అభ్యంతరం లేకపోయింది. బదులుగా సర్వరు ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది, అది ముందే చెప్పి ఒప్పించుకోవాలి. డేటాబేస్ స్థాయిలో ఎన్‌క్రిప్ట్ అయి వచ్చేవాటికి మాత్రం మందు లేదు. వీడియోలు, స్కాన్ చేసిన చిత్రాలు కూడా అంతే. అలాంటివాటిని వీలైతే మరో చోట పెట్టండి, వీల్లేకపోతే ప్రత్యేక ఎమ్‌ట్రీలో పెట్టండి.

ఎమ్‌ట్రీ అంటే పెట్టెలో మనం గీసుకునే గదులు. మొదట్లో తయారుగా ఉండే బ్యాకప్ అనే దాంట్లోనే అన్నీ పడేయాలనిపిస్తుంది. అలా చేయొద్దు. డీడూప్ పెట్టె మొత్తానికీ ఒకటే కాబట్టి విడదీసినంత మాత్రాన నిష్పత్తి తగ్గదు. కోటా (జాగా పరిమితి), స్నాప్‌షాట్ (ఒక క్షణంలోని స్థితిని పట్టి ఉంచడం), రెప్లికేషన్ (మరో పెట్టెకు నకలు పంపడం), రిటెన్షన్ లాక్ (గడువు దాకా తొలగించకుండా వేసే తాళం) అన్నీ ఎమ్‌ట్రీ వారీగానే నడుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఏ విభాగం ఎంత తింటోందో ఎమ్‌ట్రీ వారీగా కంప్రెషన్ నివేదిక తీస్తే బయటపడుతుంది. మా దగ్గర అప్లికేషన్‌కు ఒకటి చొప్పున కాకుండా, నిల్వ ఉంచే కాలాన్ని బట్టి, డేటా రకాన్ని బట్టి విడదీశాం. ఒకేసారి చురుగ్గా వాడగల ఎమ్‌ట్రీలకు మోడలును బట్టి పరిమితి ఉంటుంది, అందుకని ప్రతి సర్వరుకూ ఒకటి పెట్టుకుంటూ పోకూడదు.

ఇక కొత్తగా వచ్చినవాళ్లను అందరికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఖాళీ జాగా లెక్క. పెట్టె 90 శాతం దాటిందని హెచ్చరిక వస్తుంది. ఎవరో కంగారుగా పాత బ్యాకప్‌లు టెరాబైట్ల కొద్దీ తొలగిస్తారు. మళ్లీ చూస్తే అదే 90. ఒక ఇంటివాళ్లు ఊరు వదిలి వెళ్లినంత మాత్రాన ఊరుమ్మడి బావిని పూడ్చెయ్యరు కదా, ముక్కల సంగతీ అంతే. తొలగించిన ఫైలులోని ముక్కలను ఇంకా ఎన్ని బ్యాకప్‌లు వాడుకుంటున్నాయో లెక్కతేలాకే, ఎవరికీ అక్కర్లేనివి పోతాయి. ఆ లెక్క తేల్చే పనే క్లీనింగ్. మార్చకుండా వదిలేస్తే అది మంగళవారం ఉదయం 6 గంటలకు మొదలవుతుంది, వేగం 50 శాతం దగ్గర ఉంటుంది. మా పూర్తి బ్యాకప్‌లు వారాంతంలో నడుస్తాయి, గడువు తీరినవి ఆదివారం రాత్రి తొలగిపోతాయి. కాబట్టి క్లీనింగ్‌ను సోమవారం పగటిపూటకు మార్చాం. వారానికి ఒకసారి చాలు. రోజూ నడిపితే జాగా పెరుగుతుందనుకోవడం భ్రమ.

క్లీనింగ్ అయ్యాక కూడా జాగా రాకపోతే రెండు చోట్ల చూడండి. ఒకటి, ఎవరో ఎప్పుడో తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్. గడువు లేని స్నాప్‌షాట్ ఒక్కటుంటే తొలగించిన డేటా అంతా దాని గుప్పిట్లోనే ఉంటుంది. రెండు, వెనకబడిపోయిన రెప్లికేషన్. అవతలి పెట్టెకు ఇంకా చేరని డేటాను ఇవతలి పెట్టె వదలదు. పెట్టె పూర్తిగా నిండితే కొత్త రాతలు ఆగిపోతాయి, క్లీనింగ్‌కూ కాస్త జాగా కావాలి. అందుకే మేము 80 శాతాన్నే పైకప్పుగా పెట్టుకున్నాం. పైనున్న ఇరవైని యాజమాన్యానికి వృథాగా చూపించకుండా ఉండటం కూడా ఒక విద్యే.

రెప్లికేషన్ బాగుంటుంది. కొత్త ముక్కలు మాత్రమే వెళ్తాయి కాబట్టి మామూలు లింకు మీదే రోజువారీ డేటా విపత్తు వేళ ఆదుకునే డీఆర్ కేంద్రానికి చేరుతుంది. మొదటిసారి మాత్రం అంతా వెళ్లాలి. రెండు పెట్టెలనూ ఒకే గదిలో పెట్టి మొదటి నకలు పూర్తిచేసి, ఆపైన రెండోదాన్ని లారీ ఎక్కించడమే తెలివైన దారి. ఎమ్‌ట్రీ రెప్లికేషన్ అద్దం లాంటిది, ఇక్కడ తొలగిస్తే అక్కడా తొలగుతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అదుపులో నడిచే ఫైలు రెప్లికేషన్ అయితే రెండో నకలును వేరే గడువుతో ఉంచుకోవచ్చు, పునరుద్ధరణ వేళ ఆ సాఫ్ట్‌వేర్ బ్యాకప్‌ల జాబితాలో (కేటలాగులో) అది కనిపిస్తుంది కూడా. నా ఓటు రెండోదానికే.

అద్దం సమస్యకు జవాబు రిటెన్షన్ లాక్. డేటాను బందీ చేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ భయం మొదలయ్యాక అందరూ దీని గురించే అడుగుతున్నారు. గవర్నెన్స్ పద్ధతిలో నిర్వాహకుడు తలచుకుంటే తాళం తీయగలడు. కంప్లయన్స్ పద్ధతిలో సెక్యూరిటీ ఆఫీసర్ అనే రెండో మనిషి లాగిన్ లేకుండా కీలకమైన పనులేవీ జరగవు, గడువు తీరేదాకా ఫైలును ఎవరూ కదల్చలేరు. ఎవరూ అంటే కొన్నవాళ్లు కూడా. ఏడేళ్లని టైపు చేస్తే ఏడేళ్లే, ఆ జాగా అన్నాళ్లూ తిరిగి రాదు. నిల్వ అంచనాలు వేసేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకున్నవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. గడియారాన్ని ముందుకు తిప్పి తాళం మోసగించే వీలు లేకుండా పెట్టె తన సమయాన్ని కూడా కాపలా కాస్తుంది, అందుకే గడియారాన్ని నెట్‌వర్కు ద్వారా సరిచేసే ఎన్‌టీపీ మొదటి రోజే సరిగ్గా పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల తర్వాత మన దేశంలో అది ఎలాగూ తప్పనిసరే. అవే ఆదేశాల్లో లాగ్‌లను 180 రోజులు ఉంచాలన్న నిబంధన ఉంది. అదే ఏడాది ఆగస్టులో మారిన కంపెనీల ఖాతాల నియమాల ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలోని ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ జరగాలి, ఆ సర్వరు భారతదేశంలోనే ఉండాలి. ఆడిటర్లు వచ్చినప్పుడు ఖాతాల డేటాకు వేరే ఎమ్‌ట్రీ ఉండటం ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది.

నెట్‌వర్కు గురించి ఎక్కువ చెప్పను. బ్యాకప్‌కు వేరే వీల్యాన్ (విడదీసిన నెట్‌వర్కు భాగం), పేరు నుంచి ఐపీకీ, ఐపీ నుంచి పేరుకూ డీఎన్‌ఎస్ సరిగ్గా పలకడం, ఫైర్‌వాల్‌లో 111, 2049, 2051 పోర్టులు. డీడీ బూస్ట్ అప్పుడప్పుడు పలకడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మూడు చోట్లే తెగాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న: తిరిగి ఇవ్వడం. ఈ పెట్టె తీసుకోవడంలో దిట్ట. పెద్ద ఫైలును మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివితే ఇవ్వడంలోనూ పరవాలేదు. కానీ వర్చువల్ మెషీన్‌ను (సాఫ్ట్‌వేర్ రూపంలోని కంప్యూటర్‌ను) బ్యాకప్ మీది నుంచే నేరుగా లేపి నడిపించాలంటే చదువు అక్కడా ఇక్కడా గెంతుతూ సాగుతుంది, ముక్కలను ఏరుకొచ్చి అతికించాల్సి వస్తుంది. పైగా ఇవాళ్టి బ్యాకప్‌లోని ముక్కలు నిరుటివీ మొన్నటివీ కలిసి పెట్టె అంతటా చెదిరి ఉంటాయి. అంటే మనకు ఎక్కువగా కావలసిన తాజా నకలే అన్నిటికంటే చెదిరినది. ఇది ఒక కంపెనీ లోపం కాదు, వచ్చిన క్షణంలోనే డీడూప్ చేసే పద్ధతి స్వభావమే అది. కొత్త మోడళ్లలోని ఫ్లాష్ కొంత ఆదుకుంటుంది. అయినా గంటలో లేవాల్సిన సర్వర్ల బ్యాకప్‌లను మేము కొద్ది రోజుల పాటు మామూలు డిస్కుల మీద ఉంచి, ఆ తర్వాత దీనిలోకి తోస్తున్నాం. ఖర్చు పెరిగింది. ఆ ఖర్చును నేను ఎవరి ముందైనా సమర్థిస్తాను.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒకసారి ఒక సరఫరాదారు మాకిచ్చిన అంచనాలో అన్ని రకాల డేటాకూ ఒకే నిష్పత్తి వేసి లెక్కగట్టాడు, ఎన్‌క్రిప్ట్ అయిన డేటాబేస్‌లకు కూడా. అలాంటి కాగితం వస్తే వెనక్కి పంపండి. డేటా రకం వారీగా, నిల్వ కాలం వారీగా విడివిడిగా అడగండి. పాత మోడళ్లకు డీడీ బూస్ట్, రెప్లికేషన్, ఎన్‌క్రిప్షన్, రిటెన్షన్ లాక్ వేర్వేరు లైసెన్సులుగా ఉండేవి. సెకండ్ హ్యాండ్ పెట్టె కొంటున్నవాళ్లు ఏవి ఉన్నాయో చూసుకోకపోతే ఇనుప డబ్బా మిగులుతుంది.

హార్డ్‌వేర్ మీద నాకు పెద్దగా చెప్పడానికేమీ లేదు, అది మెప్పుకోలే. రెండు డిస్కులు ఒకేసారి పోయినా తట్టుకునే రెయిడ్ 6, పక్కన సిద్ధంగా ఒక డిస్కు, రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూసుకునే అలవాటు. డిస్కులు పోయాయి, మార్చాం, ఎవరికీ తెలియలేదు. పెట్టె తన స్థితి చెబుతూ రోజూ ఉదయం పంపే ఆటోసపోర్ట్ ఈమెయిల్‌ను ఫోల్డరులోకి తోసెయ్యకుండా, అందులో కంప్రెస్ అయ్యాక నిజంగా చేరిన పరిమాణాన్ని ఒక పట్టికలో రాసుకుంటూ వస్తే చాలు. ఏ బృందం ఎప్పుడు కంప్రెషన్ మళ్లీ మొదలుపెట్టిందో ఆ పట్టికే పట్టిస్తుంది. వాళ్లు మొదలుపెడతారు, సందేహం లేదు. కొత్త డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) వచ్చిన ప్రతిసారీ.

పెట్టె కొనే బడ్జెట్ లేని కుర్రవాళ్లు నేర్చుకోవడానికి ఇదే పెట్టె సాఫ్ట్‌వేర్ రూపంలో, వర్చువల్ ఎడిషన్ అని ఉంది, అర టెరాబైట్ వరకు ఉచితం. కమాండ్లు అవే. రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకుని ఒకదానిలో కోటా నింపండి, స్నాప్‌షాట్ తీసి ఫైళ్లు తొలగించండి, క్లీనింగ్ నడిపి జాగా ఎందుకు రాలేదో వెతకండి, రెండోదానికి రెప్లికేట్ చేసి మధ్యలో లింకు తెంచండి. ఇంటర్వ్యూలో నేను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.