బీట్ బజార్‌లో ఏడాది కారం: గోనెసంచి కూడా మిర్చి ధరకే

ఎండుమిర్చి కోసం వరంగల్ బీట్ బజార్‌కు పోయేవాళ్లు గోనెసంచిని కూడా మిర్చి ధరకే కొనుక్కొస్తారని ఈసారి లెక్కతో సహా తేలింది. చపాటా రకం మిర్చి పది కిలోలు, కిలో 300. ఇంటికొచ్చాక సంచి దులిపి విడిగా తూస్తే 650 గ్రాములు. అంటే 195 రూపాయలు వట్టి గోనెకే. దుకాణంలోనే అనుమానమొచ్చి అడిగితే గుమాస్తా జవాబు: "అందరికి గట్లనే తూస్తున్నం అమ్మా, మీకొక్కలకే వేరే లెక్కుంటదా?"

కాంటాలో మోసమేమీ లేదు. మోసమంతా రద్దీలోనే. ఉగాదికి ముందు బీట్ బజార్, పిన్నావారి వీధి పొద్దున పదకొండు దాటితే కాలు పెట్టనివ్వవు. ఒకపక్క హమాలీల బస్తాలు, ఇంకోపక్క "జరుగుండ్రి" అంటూ ట్రాలీ ఆటోలు. గుమాస్తా ఒక చేత్తో చీటీ రాస్తూనే ఇంకో చేత్తో సంచి కాంటా మీద పెడతాడు. సంచి అంచు వేలాడి అంకెలు కనబడవు. మీరు పప్పు వైపు చూసి తల తిప్పేసరికి సంచి కింద ఉంటుంది. అందుకే ముందు ఖాళీ సంచిని కాంటా మీద పెట్టించి, సంచి బరువు తీసేసే టేర్ బటన్ నొక్కించి, సున్నా చూశాకే మిర్చి పోయించండి. సేటు మొహం ముడుచుకుంటాడు, వెనకవాళ్లు గొణుగుతారు. గొణగనీయండి. కాంటాకు ఏటా తూనికల శాఖ ముద్ర పడాలి, అదీ చూడండి. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తొమ్మిదిన్నరకల్లా చేరితే ఈ గొడవ సగం ఉండదు.

తూకం తర్వాత తేమ. కాయలు విరిగి పొడి కాకుండా నీళ్లు చిలకరిస్తారు, బరువూ కలిసొస్తుంది. కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. వంచితే పటుక్కుమనాలి. తోలులా వంగితే వదిలేయండి, నెల తిరక్కముందే లోపల నల్లబూజు పడుతుంది. సంచి పైభాగం చూసి మురిసిపోవద్దు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీయించండి. తెల్లబడిన తాలు కాయలన్నీ అక్కడే ఉంటాయి.

చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్టిగా, లావుగా ఉంటుంది కాబట్టి టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు దండిగా ఉంటుంది, ఘాటు తక్కువ. ఒట్టి చపాటాతో పట్టిస్తే కూర ఎర్రగా మెరుస్తుంది, నాలుక్కి మాత్రం ఏమీ తగలదు. మూడు పాళ్ల చపాటాకు ఒక పాలు ఘాటైన తేజా మిర్చి కలపండి. తొక్కులకైతే చపాటా ఇంకాస్త పెంచినా నష్టం లేదు. కొందరు దుకాణదారులు వేరే లావు రకాన్ని చపాటా ధరకు అంటగడతారు. ఒక కాయ చీల్చి చూడండి, చపాటాలో గింజలు తక్కువ.

ఏనుమాముల మార్కెట్‌లో చవకని ఎవరో చెబితే ఆటోకు 120 పెట్టుకుని పోకండి. అక్కడ బేరమంతా క్వింటాళ్లలో, కమిషన్ వ్యాపారుల మధ్య. పది కిలోలు అడిగితే నవ్వుతారు. చూడ్డానికైతే సీజన్‌లో తప్పక చూడాలి, ఎర్రటి రాశులు కన్ను ఆనినంత దూరం. శని, ఆదివారాలు సెలవు.

నూనె దగ్గరా కన్ను తెరిచే ఉండాలి. లీటరు ప్యాకెట్‌లో నూనె 910 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. పక్కనే అదే రంగు కవర్‌లో 850, 800 గ్రాములవి వేలాడుతుంటాయి. ఐదు రూపాయలు తక్కువని తీసుకుంటే నష్టమే. పప్పులు, పల్లీలు, ధనియాలు మంచివే దొరికాయి.

కరీంనగర్ నుంచి బస్సులో రెండు గంటలు. స్టేషన్ రోడ్డు లాడ్జి 900, వేడినీళ్లొచ్చాయి, అంతే. మోకాళ్ల నొప్పితో వచ్చిన అత్తమ్మ రెండో దుకాణానికే అలిగి మెట్ల మీద కూర్చుంది. 30 రూపాయల సర్వపిండి ముక్క, అంచులు కరకరలాడుతూ వేడివేడిగా చేతికొచ్చాకే మళ్లీ మాట్లాడింది.

మిర్చి అక్కడ పట్టించకండి. సీజన్‌లో గిర్నీ ముందు రెండు గంటల లైను, ముందువాళ్లు పసుపు పట్టిస్తే మీ కారం పచ్చబడుతుంది. కాయలుగానే తెచ్చి, రెండెండలు ఎండబెట్టి, తొడిమలు తీసి మీ ఊళ్లోనే పట్టించండి. పది కిలోలని తెచ్చినదానికి చివరికి వచ్చిన కారం 8 కిలోల 400. కారం గిర్నీలోంచి వేడిగా వస్తుంది. అలాగే డబ్బాలో మూత బిగిస్తే చెమట పట్టి ఉండలు కడుతుంది, రాత్రంతా బట్ట మీద ఆరాలి. వరంగల్‌లోనే పట్టించి, వదులుగా మూటగట్టి బస్సెక్కినవాళ్లను చూశాం. హసన్‌పర్తి దాటకముందే సగం బస్సు దగ్గుతోంది, కండక్టర్ టికెట్లు వదిలేసి కిటికీలు తెరుస్తున్నాడు.