పీర్స్ మేలా, టక్కర్ మేలా?

వయొలిన్ నేర్చుకునే పిల్లల్లో గొంతు బాగున్నవారు నన్ను తరచూ అడుగుతారు: కమాను వదిలి పాటకు వెళ్తే ఇన్నేళ్ల సాధన వృథా కదా? ఆపెరా (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం) రికార్డులు వినే మిత్రులు అడిగేది వేరు: జాన్ పీర్స్ గొప్పా, రిచర్డ్ టక్కర్ గొప్పా? నాకు మాత్రం రెండూ ఒకే ప్రశ్న.

ఇద్దరూ న్యూయార్క్ యూదులే, ఇద్దరూ టెనర్లే, అంటే హెచ్చు స్థాయి మగ గొంతు గాయకులు. పైగా బావాబావమరుదులు: పీర్స్ చెల్లెలిని టక్కర్ 1936లో పెళ్లాడాడు. ఆ చుట్టరికంలో తీపి తక్కువేనంటారు. అది వాళ్లింటి గొడవ, మనకెందుకు!

టక్కర్‌ది సూటి దారి. సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) ప్రార్థనలు పాడుతూ, బతుకుతెరువుకు కోట్ల లోపల వేసే పట్టుగుడ్డ అమ్మేవాడు. 1945లో న్యూయార్క్‌లోని పేరున్న ఆపెరా సంస్థ మెట్రోపాలిటన్ ఆపెరాలో చేరి, 1975లో చనిపోయేదాకా అక్కడ పాడాడు. అంతిమ వీడ్కోలు కూడా ఆ వేదిక మీదే. గొంతు నిండుదనంలో పీర్స్ ఆయనకు సాటిరాడు, ఒప్పుకోవాల్సిందే.

పీర్స్ చుట్టు తిరిగి వచ్చాడు. చిన్నప్పుడు సినగాగ్‌లో పాడినా, పొట్టపోసుకున్నది వయొలిన్‌తో. డాన్సు బృందాల్లో, క్యాట్‌స్కిల్ కొండల విడిది హోటళ్లలో పింకీ పెర్ల్ అనే పేరుతో వాయించేవాడు, మధ్యలో పాడేవాడు. 1932లో హోటల్ ఆస్టర్‌లో ఒక విందులో ఆయన పాట విన్న థియేటర్ల నిర్వాహకుడు రాక్సీ రాథఫెల్, కొత్తగా కడుతున్న రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌కు తీసుకున్నాడు. మెట్రోపాలిటన్ చేరేసరికి 1941, వయసు 37.

నా లెక్కలో తూకం మొగ్గేది తోస్కనీనీ దగ్గర. లయ విషయంలో ఎవరినీ క్షమించని ఆ కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించేవాడు) 1938లో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీకి పీర్స్‌ను ఎంచుకున్నాడు. 1896లో 'లా బోయెమ్' ఆపెరా తొలి ప్రదర్శన నడిపిందీ తోస్కనీనీయే. యాభై ఏళ్లకు, 1946లో, దాన్ని రేడియోలో మళ్లీ నడిపినప్పుడు కథానాయకుడు రొడోల్ఫోగా పాడింది పీర్స్. (1949లో 'ఐడా' ఆపెరాకు టక్కర్‌ను పిలిచాడు, అదీ నిజమే.) ఆ 'లా బోయెమ్' రికార్డు వినండి. వాక్యం ఎక్కడా తెగదు, ఎక్కడా సాగదు. టక్కర్ అయితే కన్నీళ్లు కలుపుతాడు, ఒక్కోసారి మోతాదు మించి.

ఇది కమాను ఇచ్చిన చదువేనని నా నమ్మకం. వయొలిన్‌కు వీణలాగా మెట్లు ఉండవు, స్వరస్థానం చెవితో పట్టుకోవాలి. కమాను ఒక్కసారి లాగితే ఎంత పలకాలో ముందే లెక్క ఉండాలి. పాటలో ఊపిరి లెక్కా అదే. ఇక ఎదుట జనం డాన్సు చేస్తుంటే లయ తప్పడానికి వీలెక్కడ? పాడుతూ వయోలా కూడా పట్టిన మన బాలమురళీకృష్ణను విన్నవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

సాక్సఫోన్ నుంచి పాటకు వచ్చిన మరో టెనర్ జేమ్స్ మెల్టన్ సంగతీ అడుగుతుంటారు. తీయని గొంతు, అంతే.

1971లో, 67 ఏళ్ల వయసులో, పీర్స్ న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్' అనే సంగీత నాటకంలో ముఖ్యపాత్ర టెవ్యే వేషం కట్టాడు. ఆ నాటకంలో ఇంటికప్పు మీద ఫిడేలు వాయించేది మాత్రం వేరే పాత్ర.