సంకలనకర్తగా నొరికో మిజుతా: ఒక కథల పుస్తకంపై సమీక్ష

జపాన్ రచయిత్రుల కథలను ఇంగ్లీషులో చదవదలచినవారికి నేను మొదట సూచించే పుస్తకం, 1991లో అమెరికాలో ఎం. ఇ. షార్ప్ సంస్థ ప్రచురించిన 'జపనీస్ విమెన్ రైటర్స్: ట్వంటియత్ సెంచరీ షార్ట్ ఫిక్షన్'. నొరికో మిజుతా, క్యోకో సెల్డెన్ దీనికి అనువాదకులు, సంపాదకులు. కథల కోసమే కొన్నవారికీ ఇది నిరాశ కలిగించదు. అయితే మిజుతా ఆ తర్వాత ఏయే సంస్థలను నిలబెట్టారో తెలిసి చదివితే, ఈ కథల ఎంపికే ఆమె విద్యారంగ కృషికి తొలి ప్రణాళికలా కనిపిస్తుంది.

జపాన్ విమర్శకులు చాలాకాలం స్త్రీల రచనలను 'జోర్యూ బుంగాకు' (స్త్రీల సాహిత్యం) అనే ప్రత్యేకమైన అరలో పెట్టి, అవి సున్నితమైన అంతరంగ కథనాలని తేల్చేశారు. ఆ అర ఎంత ఇరుకైనదో ఈ పుస్తకం కథలతోనే రుజువు చేస్తుంది. మియామొతొ యురికో కథలో వామపక్ష ఉద్యమంలో ఉన్న కొడుకు చుట్టూ ఒక పేద కుటుంబం బతుకు ఈడుస్తుంది. హిరబయాషి తయికో కథ 1945 మార్చి 9న ఒక రైల్వే స్టేషనులో జరుగుతుంది: రాకుమారుడు ప్రయాణిస్తున్న రైలులోంచే చూపు పోయిన వందలాది చైనా సైనికులను దింపుతుంటే, చూసినవాడు చూసినంత మాత్రమే చెప్పి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే కథకు బలం. తకహషి తకకో కథలో తన కదలికలనే కూతురిలో చూసి అసహ్యించుకునే తల్లి ఉంది. మాతృత్వాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా చూసిన కథలు ఏ భాషలోనైనా తక్కువే.

నన్ను ఎక్కువగా నిలిపింది మాత్రం ఓబా మినాకో రాసిన 'కొండ మంత్రగత్తె చిరునవ్వు'. ఎదుటి మనిషి మనసులోని మాటను పైకి చదివేసే 'యమాంబా' జపాన్ జానపద గాథల్లోని అడవి స్త్రీ. ఓబా ఆమెను కొండ మీంచి దింపి ఒక మామూలు ఇల్లాలిని చేస్తుంది. అందరి మనసులూ తెలిసి కూడా తెలియనట్టు నటిస్తూ, భర్త కోరుకున్న మనిషిగా ఆమె జీవితమంతా గడుపుతుంది. మిజుతా ఈ యమాంబాను అంతటితో వదిలిపెట్టలేదు. 2002లో కితాదా సాచియేతో కలిసి ఆ పాత్రపైనే ఒక విమర్శ సంపుటానికి సంపాదకత్వం వహించారు.

యేల్ విశ్వవిద్యాలయంలో 1970లో డాక్టరేట్ పొంది, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించిన మిజుతా, జపాన్‌లో జోసాయ్ విశ్వవిద్యాలయ అధ్యక్షురాలిగా, ఆ పైన దాన్ని నడిపే విద్యాసంస్థకు ఛాన్సలర్‌గా పనిచేశారు. అమెరికా, జపాన్ స్త్రీల అధ్యయనాలకు వేదికగా 1988లో ఒక పత్రిక వెలువడటం వెనుకా, 1992లో చిబా ప్రాంతంలో జోసాయ్ అంతర్జాతీయ విశ్వవిద్యాలయం ఏర్పడటం వెనుకా, అక్కడ స్నాతకోత్తర స్థాయిలో స్త్రీ అధ్యయనాలకు చోటు దొరకడం వెనుకా ఆమె కృషి ఉంది. జోసాయ్‌ను 1965లో స్థాపించింది ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఆమె తండ్రి మికియో మిజుతా కనుక దారి కొంత సుగమమైందన్నది నిజమే. కానీ వారసత్వంగా వచ్చిన అధికారాన్ని ఈ చదువు కోసం వాడాలనుకోవడం ఆమె సొంత నిర్ణయం. కవయిత్రిగా కూడా ఆమెకు 2013లో స్వీడన్‌కు చెందిన సికాడా పురస్కారం లభించింది.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. ఒక్కొక్కరి నుంచి ఒక్క కథతో సరిపెట్టడం వల్ల ఏ రచయిత్రి గురించీ గట్టిగా ఒక అభిప్రాయానికి రాలేం. అంతకన్నా పెద్ద నష్టం సంభాషణల్లో జరిగింది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి జపనీస్‌లో క్రియారూపాలే మారిపోతాయి. ఇంగ్లీషులో భార్యాభర్తలూ, అత్తాకోడళ్ళూ ఒకే స్థాయిలో పలుకుతారు. 'నువ్వు', 'మీరు' మధ్య దూరం తెలిసిన తెలుగు పాఠకులకు ఆ వెలితి వెంటనే తెలుస్తుంది. నేరుగా జపనీస్ నుంచి తెలుగులోకి వస్తే ఈ కథలు ఇంకా పదునుగా ఉంటాయని నాకు చాలాసార్లు అనిపించింది.

కొనేవారికి ఒక సూచన. ఇదే జంట 1982లో వేరే పేరుతో తెచ్చిన సంకలనానికి ఇది విస్తృత రూపం కనుక, 1991 నాటి ప్రతినే ఎంచుకోవడం మేలు. ముఖపత్రంపై సంపాదకురాలి పేరు నొరికో మిజుతా లిప్పిట్ అని ఉంటుంది. గ్రంథాలయ జాబితాల్లో ఆ పేరుతోనూ వెతకాలి.